ఆ పూట ఆయన నా మండీలోనే ఉన్నాడు

పుంగనూరు పక్క పల్లెలో చనిపోయిన మా పెద్దనాయన కొడుకు దివసం నాడు, పంక్తిలో నా పక్కన కూర్చున్న ఒకాయన పాయసం వేయించుకుంటూ అన్నాడు: "ఎక్కని అర్జునుడు ఇప్పటికి ఎక్కినాడు పా, పైకి."

ఎదురు వరసలో ఇద్దరు నవ్వారు. వడ్డించే ఆమె కూడా ముఖం తిప్పుకొని నవ్వింది. చనిపోయినవాణ్ణి వెటకారం చెయ్యాలని అన్నమాట కాదది. ఆ ఊర్లో ఆయనకు పేరే అది. అసలు పేరు చెప్పి ఇల్లు అడిగితే, "ఎవరూ, ఎక్కని అర్జునుడా?" అని ఎదురడిగి మరీ దోవ చూపిస్తారు. నేను తలవంచుకొని అన్నం కలుపుకున్నాను. ఆ పేరు ఆయనకు రావలసింది కాదని తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే ఆ పందిట్లో.

మదనపల్లె టమాటా మార్కెట్లో నాకొక మండీ ఉంది. రైతులు తెచ్చిన కాయను వేలంలో అమ్మించి కమిషన్ తీసుకుంటాను. ఆ చనిపోయినాయనే నా మండీలో వేలం వేసేవాడు. నాకు అన్న వరస. పొడుగు మనిషి, సన్నటి మెడ. క్రేట్ల వరసల మధ్య ముందు ఆయన నడుస్తుంటే వెనక వ్యాపారులు గుంపుగా నడిచేవాళ్లు. ఒక కాయ తీసి వెలుతురుకు పట్టి, ఎడమ చెయ్యి చెవి దగ్గర ఆనించుకొని ధర అందుకునేవాడు. ధరలో చివరి అంకెను ఆయన మామూలుగా వదిలేవాడు కాదు. సాగదీసి, ఒక మెలిక తిప్పి వదిలేవాడు.

"ధర చెప్తాండావా, రాగం తీస్తాండావా న్నా?" అని ఎగతాళి చేసేవాళ్లు వ్యాపారులు.

"రాగానికి వేరే ఎయ్యండప్పా, కాదన్నానా?" అనేవాడు.

నిజానికి వేసేవాళ్లు. ఆయన గొంతులో పడితే బేరం వేడెక్కేది. ఎదుటివాడు తగ్గుతుంటే ఆయన ఆ మెలికతో వాణ్ణి ఒక మెట్టు పైకి లాగేవాడు. మా మండీకి పేరు రావడానికి సగం కారణం ఆ గొంతు. ఈ సంగతి ఆయన బతికి ఉండగా నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు.

మధ్యాహ్నం వేలం తెరిపి ఇస్తే అందరం కూర్చొని తినేవాళ్లం. ఆయన కూర్చునేవాడు కాదు. టిఫిన్ బాక్సు అరచేతిలో పెట్టుకొని నిలబడే సంగటి మింగి, చెయ్యి కడుక్కొని, ఖాళీ క్రేట్లు గోడలాగా పేర్చిన చోటికి వెనక్కి పోయేవాడు. అక్కణ్ణించి సన్నగా పద్యం వినిపించేది. ఆగేది. మళ్లీ అదే పాదం. ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. నేను పిలిస్తే మాత్రం క్రేట్ల పైనుంచి ఒక అరచెయ్యి లేచేది, ఆగమన్నట్టు. ఆ చెయ్యి చూస్తే నాకు ఒళ్లు మండేది. జీతం ఇచ్చేవాణ్ణి నేను, ఆగమనేవాడు ఆయన.

"తిన్నాక రవంతసేపు పండుకుంటే పోదా? ఇంటికి పోయినాక పాడుకో నా, ఎవురొద్దన్నారు?" అన్నాను ఒకసారి.

"ఇంటికి పోయినాక ఏం మిగుల్తాదబ్బీ? అలుపు మిగుల్తాది. అలుపుతో పద్యం రాదు. పొద్దును ముందే ఎత్తి పక్కన పెట్టుకోవల్ల. మిగిల్తే సూస్తామంటే, మిగల్దు."

ఈ మాట ఆయన చాలాసార్లు చెప్పాడు. సాయంత్రం పుంగనూరు బస్సులో కూడా కిటికీ పక్కన కూర్చొని పెదాలు కదుపుతూనే పోయేవాడు. కండక్టరు టికెట్టు చింపి ఇస్తూ, "ఏం నా, యుద్ధం యాడికొచ్చింది?" అని అడిగేవాడు. "ఇంగా అడవిలోనే ఉండామప్పా, యుద్ధానికి శానా టైముంది," అనేవాడు ఈయన.

ఆయన నేర్చుకుంటున్నది అర్జునుడి వేషం. మావైపు ఎండాకాలంలో ఊళ్లలో భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. నడుమ ఒక రోజు అర్జునుడి తపస్సు. ఊరి బయట ఎత్తయిన మాను నాటి, దానికి మెట్లు కొడతారు. అర్జున వేషం కట్టినవాడు ఒక్కో మెట్టు దగ్గర ఆగి పద్యం పాడుతూ కొసదాకా ఎక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్లు ఉపవాసముండి, తడిబట్టలతో మాను చుట్టూ నేల మీద పడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయో, అరటిపండో కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. వేలమంది తలెత్తి చూస్తారు.

"నేను నిమ్మకాయకు పుట్టినోణ్ణబ్బీ," అనేవాడు ఆయన.

"అందుకేనా నా, మాట అంత పుల్లంగా ఉంటాది?"

"నవ్వుకో. మాయమ్మ ఎన్నేండ్లో సూసి సూసి, ఆ మాను కింద పడుకొనింది. నిమ్మకాయ కొంగులో పడింది. మల్లేడాదికి నేను పుట్టినా. ఆ కాయ ఏసిన మారాజు ఎవురో మాయమ్మకూ తెలీదు. నేనూ ఒగ ఆడబిడ్డకు ఎయ్యల్ల. అంతే, నాకింగేమీ వద్దు."

దానికోసం మార్కెట్టుకు సెలవు వచ్చిన ప్రతిసారీ కుప్పం పోయేవాడు. కుప్పానికి అవతల ఒక పల్లెలో ఆయన గురువు ఉండేవాడు, భారతం వేషాలు నేర్పే ముసలాయన. ఒకసారి కుప్పం దగ్గర రైతులతో నాకు పని పడి, ఆయనను కార్లో ఎక్కించుకొని పోయాను. నా పని అయిపోయాక గురువు ఇంటి ముందు కారాపి హారన్ కొట్టాను. ఎవరూ రాలేదు. దిగి పెరట్లోకి పోయి చూశాను.

మా అన్న టెంకాయ చెట్టు నడిమికి ఎక్కి, దాన్ని కరుచుకొని పద్యం పాడుతున్నాడు. కింద నులకమంచం మీద ముసలాయన కళ్లు మూసుకొని ఉన్నాడు.

"ఆయాసం వినపడతాండాది," అన్నాడు ముసలాయన, కళ్లు తెరవకుండానే. "కింద పండుకున్న ఆడబిడ్డకు నీ ఆయాసం యాలప్పా? ఆయమ్మకు పద్యం వినిపీ. ఇంగ రెండు బారలు ఎక్కు, ఎక్కి పాడు."

ఎక్కాడు. పాడాడు. మట్టల దాకా ఎక్కి, చివరి పాదం అక్కడ పాడి, ఒక చేత్తో చెట్టు పట్టుకొని రెండో చెయ్యి గాల్లోకి చాపి విసిరినట్టు చేశాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. నేను తలెత్తి చూస్తుంటే నాకే కళ్లు తిరిగాయి. ఆయన గొంతు వణకలేదు. చెయ్యి వణకలేదు. ఇది నేను నా కళ్లతో చూసిన సంగతి.

దిగి వచ్చాడు. ఎదమీద చర్మం గీసుకుపోయి ఎర్రగా ఉంది. "ఎట్లుండాది సామీ?" అన్నాడు.

ముసలాయన ఆలోచించి, "కోడి కూసినట్ల ఉండాది," అన్నాడు. "పోయిన తూరి కుక్క అరిసినట్ల ఉండె."

తిరుగుదారిలో పలమనేరు దాటాం. తర్వాత ఉన్నట్టుండి, "కోడి అన్నాడబ్బీ," అని కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

మా అన్న వాళ్ల ఊర్లో ఎన్నో ఏళ్లుగా అర్జునుడి వేషం కడుతున్న మనిషికి మోకాళ్లు పట్టేశాయి. భారతం నడిపించే పెద్దాయన ఈయనను పిలిచి, ఈసారి మాను నువ్వే ఎక్కాలన్నాడు. మరునాడు ఆయన నా గల్లాపెట్టె ముందుకు వచ్చి నిలబడ్డాడు. నా దగ్గర ఏదన్నా అడగడానికి ఆయన అలా నిలబడింది అదొక్కసారే.

"తపస్సు నాటి పొద్దు నాకిచ్చేయ్ అబ్బీ. రాత్రి నాటకాలకు నేనెట్లో అడ్జస్టు చేసుకుంటా. ఆ ఒక్క పొద్దు."

"తీసుకో నా. అది గూడా అడగల్లనా?" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ వారంలోనే టమాటా ధర పైకి లేచింది. ఎక్కడెక్కడి వ్యాపారులో దిగారు. రైతులు పచ్చికాయ కూడా కోసి తెచ్చారు. తపస్సుకు ముందురోజు సాయంత్రం నేనాయనతో అన్నాను: "రేపు తొమ్మిదిదాకా ఉండి పో నా. మాను ఎక్కేది పదకొండుకు గదా."

వేషానికి దీక్ష కంకణం కట్టుకున్నవాళ్లు పొలిమేర దాటకూడదని ఆ ఊరి కట్టుబాటు. ఆయన పూజారిని బతిమాలి, కంకణం వచ్చాక కట్టించుకుంటానని ఒప్పించి, తెల్లారేసరికి నా మండీలో ఉన్నాడు. తలస్నానం చేసి వచ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు. "గొంతు ఎత్తి పెట్టుకోవల్ల, ఈ పొద్దు రవంత మెల్లగా చెప్తా," అన్నాడు. కానీ ఆ గుంపులో మెల్లగా చెబితే వినపడలేదు. కాసేపటికే మామూలు గొంతు అందుకున్నాడు.

మా మండీలో వేలం నడిచినంతసేపు ఆయన ఫోను నా సొరుగులో ఉండేది. తొమ్మిది దాటాక అది మోగింది. భారతం నడిపించే పెద్దాయన. "ఏమప్పా, బయల్దేరినాడా?"

బయట ఒక రైతు తెచ్చిన పెద్ద లాట్ మీద ఇద్దరు వ్యాపారులు పట్టుదలకు పోతున్నారు. అది తేలితే పంపించేద్దామనుకున్నాను. "బయల్దేరినాడప్పా, ఫోనే మరిసిపోయినాడు," అన్నాను.

ఆయన వరసల మధ్యనుంచి నావైపు చూశాడు. నేను వేలు ఒకటి ఎత్తి చూపించాను, ఇంకొక్కటి అని. ఆ లాట్ అయింది. ఇంకో బండి దిగింది. మళ్లీ చూశాడు. మళ్లీ వేలెత్తాను. ఒకసారి దగ్గరికి వచ్చి, "ఫోనొచ్చిందా?" అన్నాడు. గొంతు అప్పటికే బొంగురు పోయింది.

"వచ్చింది. ఇంగా పూజే కాలేదంట, నిదానంగా రమ్మన్నారు," అన్నాను.

ఆయన ముఖం తెరిపిన పడింది. తిరిగి వరసల్లోకి పోయాడు. ఇలాంటివి ఎప్పుడూ చెప్పిన వేళకు మొదలు కావని, వాళ్లకు చెప్పిన మాటా, ఈయనకు చెప్పిన మాటా ఎట్లాగో సరిపోతాయని నేను నిజంగా అనుకున్నాను. తర్వాత ఫోను మళ్లీ మోగింది. నేను తియ్యలేదు.

పన్నెండు దాటాక చివరి లాట్ అయింది. నేనే కార్లో ఎక్కించుకొని తోలాను. దోవంతా ఆయన గొంతు సవరించుకుంటూ, మిరియం నములుతూ, మొదటి పద్యం లోపల్లోపల చెప్పుకుంటూ వచ్చాడు.

ఊరి బయటికి వచ్చేసరికి జనం విడిపోతున్నారు. మోకాళ్లు పట్టేసిన పాత అర్జునుణ్ణి బతిమాలి ఎక్కించారట. ఆయన సగం దాకా ఎక్కి, ఇంక చేతగాక, అక్కణ్ణించే నిమ్మకాయలు వేసి దిగాడు. ఆడవాళ్లు లేచి కొంగులు దులుపుకుంటున్నారు. ఎండలో ఆరిన బురద చేతులకు, చెంపలకు అంటుకొని ఉంది. ఒకామె ఇంకా లేవలేదు. పక్కన ఆమె అత్త కాబోలు, "లే మే, అయిపోయింది," అంటూ ఉంది.

పెద్దాయన మా కారు దగ్గరికి వచ్చాడు. "తొమ్మిదికే బయల్దేరినావంటనే. ఇంతసేపూ యాడుంటివి?"

మా అన్న నావైపు చూశాడు. పెద్దాయన కూడా చూశాడు, ఈయనను తెచ్చింది నేను కాబట్టి. ఆ పెద్దాయన ఆ చుట్టుపక్కల పెద్ద టమాటా రైతు. ఆయన ఎక్కడ కాయ దించితే ఊరంతా అక్కడే దించుతుంది. అర్జునుణ్ణి ఆపింది నేనని తెలిస్తే ఆ ఊరి నుంచి ఒక్క బండి నా మండీకి రాదు. ఇదంతా నేను కూర్చొని ఆలోచించలేదు. నోటికి మాట దానంతటదే వచ్చింది.

"దోవలో కనపడినాడప్పా. ఎక్కించుకొని వస్తాండా."

మా అన్న నామీది నుంచి చూపు తిప్పి మాను వైపు చూశాడు. నేను చేతిలోని తాళంచెవి చూస్తున్నాను. తర్వాత ఆ బొంగురు గొంతుతోనే అన్నాడు: "ఔనప్పా. దోవలో నిలబడిపోయినా."

"యాల?"

దానికి జవాబు ఇవ్వవలసింది నేను. నేను ఇవ్వలేదు. జనంలోంచి ఎవరో ఇచ్చారు: "దూరం నుంచి మాను కనపడింటాది. కాళ్లు వణికింటాయి." నవ్వారు. ఉపవాసముండి, ఎండలో నిలబడి, మోసపోయిన జనం. ఆ నవ్వులో కోపమే ఎక్కువ. ఆ సాయంత్రానికే పేరు పుట్టింది.

కారెక్కాక ఆయన నన్నొక మాట అంటాడని చూశాను. తిడితే బాగుండుననుకున్నాను. వాళ్ల ఇంటి ముందు దిగేటప్పుడు, "రేపు లోడ్లు ఇంతే వస్తాయా?" అని అడిగాడు. వస్తాయన్నాను. తలూపి లోపలికి పోయాడు.

మరునాడు మధ్యాహ్నం ఆయన మాతోపాటు కింద కూర్చొని అన్నం తిన్నాడు. నిదానంగా తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కొని, మళ్లీ అక్కడే కూర్చున్నాడు. "లాట్ ఏమన్నా ఉండాదా?" అన్నాడు. ఆ రోజు నుంచి అంతే. క్రేట్ల వెనక్కి పోలేదు. కుప్పం పోలేదు. సెలవు రోజున కూడా మండీకి వచ్చి త్రాసులు తుడిచేవాడు. వేలంలో అంకెను అంకెలాగా చెప్పేవాడు. చెయ్యి చెవి దగ్గరికి పోయేది కాదు. కొన్నాళ్లు వ్యాపారులు, "రాగం యాడబోయె నా?" అని అడిగి, తర్వాత మానేశారు. నాకు ఒళ్లు మండించిన ఆ అరచెయ్యి మళ్లీ ఎప్పుడూ లేవలేదు. ఆయన తన పొద్దంతా తెచ్చి నాకే ఇచ్చేశాడు. నేను తీసుకున్నాను. ఏళ్లపాటు తీసుకున్నాను.

ఒక్కసారి మాత్రం అడిగాను. "న్నా, ఇంగో ఊర్లో భారతం పెడతాండారంట. పోయి అడగరాదా?"

"భయపడినోణ్ణి మాను ముట్టనీరబ్బీ," అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. వాన వచ్చేటట్టుందని చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు భయపడలేదు గదా" అని నేను అనాలి. ఆ మాట అనడానికి ఆయనా నేనూ తప్ప అక్కడ ఎవరూ లేరు. అయినా అనలేదు.

దివసం అయిన మూడోనాడు మళ్లీ ఆ ఊరికి పోయాను. ముందు వదినకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది. చేట పక్కన పెట్టి, లేచి లోపలికి పోయి, తలుపు దగ్గరికి వేసుకుంది. చాలాసేపు వాకిట్లో కూర్చున్నాను. తలుపు తెరుచుకోలేదు. నా మాట నమ్మింది ఆమె ఒక్కతే.

అక్కణ్ణించి పెద్దాయన ఇంటికి పోయాను. ఆయన ముసలివాడయ్యాడు. అరుగు మీద కూర్చొని నా మాటలన్నీ విన్నాడు. ఫోనులో నేనన్న మాట, మా అన్నతో నేనన్న మాట, కారు దగ్గర అన్నది, అన్నీ వరసగా చెప్పాను. ఆయన భార్య మజ్జిగ తెచ్చి, అక్కడే నిలబడి తనూ విన్నది.

"సచ్చినోడు నీకు అన్న," అన్నాడు పెద్దాయన చివరికి. "బాధుంటాది. అట్లని నిందంతా నువ్వేసుకుంటావా?"

"ఏసుకునేది కాదప్పా, జరిగిందే చెప్తాండా. బయల్దేరినాడని నీతో అన్నది నేనే గదా."

"బయల్దేరింటాడు గాబట్టే అన్నింటావు."

"బయల్దేరలేదు. నా ముందరే ఉన్నాడు. ఆయప్ప టెంకాయ చెట్టు కొసకు ఎక్కేది నేను కండ్లారా సూసినా."

"టెంకాయ చెట్టు కింద ఊరంతా ఉండదు లేప్పా." ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఆయప్పే ఒప్పుకున్నాడు గదా, అందరి ముందర. నిలబడిపోయినా అని. భయపడేది తప్పేం కాదు. మనిషన్నాక ఉంటాది. నువ్విట్లా మనసు పాడు చేసుకోవద్దు."

నేను మళ్లీ మొదటినుంచి చెప్పబోయాను. ఆయన నన్ను ఆపి, భార్య వైపు తిరిగాడు. "సూసినావా మే. తమ్ముడంటే ఇట్లుండల్ల. సచ్చినోని పరువు కోసం తన పరువు తీసుకుంటాండాడు." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా చేతిలోని గ్లాసు ఖాళీ అయితే మళ్లీ నింపింది. లేచేటప్పుడు పెద్దాయన వీధి దాకా వచ్చి, ఈ తూరి తన తోట కాయంతా నా మండీకే తోలిస్తానని చెప్పాడు.

అందుకని రాసి పెడుతున్నాను, నోటిమాటకు విలువ లేకపోయింది కాబట్టి. ఆ పొద్దున ఆయన ఎక్కడా దోవలో నిలబడలేదు. మానును చూసి ఆయన కాళ్లు వణకలేదు. ఆయన ఊరికి వచ్చేసరికే అక్కడంతా అయిపోయింది. పన్నెండు దాటేదాకా నా మండీలో, నా ఎదుట, నేను వేలెత్తినప్పుడల్లా ఇంకో లాట్ అమ్ముతూ ఉన్నాడు. ఆ ఊరివాళ్లు ఎవరైనా ఇది చదివితే, దయచేసి దీన్ని నా మంచితనం కింద జమకట్టవద్దు.